రేపటి మంచం

క్షయ మందులు నెలల తరబడి మింగాక, సుభాషిణికి ఉన్నది క్షయ కాదని తేలింది. పేగులో పుళ్ళు చూస్తే రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయట. ఆ మందులతో కడుపునొప్పి తగ్గలేదు, సాయంత్రాలు వచ్చే జ్వరం తగ్గలేదు, ఒంట్లో కండ మాత్రం తగ్గింది. మళ్ళీ గొట్టం వేసి చూశారు. మళ్ళీ ముక్క తీసి పరీక్షకు పంపారు. ఈసారి క్రోన్స్ అన్నారు.

ఆ మాట విన్నప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పక్కన కూర్చున్న తండ్రి గవిరాజు ముందుకు జరిగాడు.

"అంటే ఏటండీ డాక్టరమ్మా? ఇదైనా తగ్గుతాదా?"

"ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున పేగు మీద పడుతోందండీ," అంది డాక్టర్ మృణాళిని. "పూర్తిగా పోయే జబ్బు కాదు. మందులతో అదుపులో పెట్టుకోవచ్చు. ఇప్పుడిస్తున్న స్టీరాయిడ్ మంట చల్లార్చడానికి మాత్రమే. దాన్ని ఎక్కువకాలం ఉంచలేం."

స్టీరాయిడ్ సంగతి సుభాషిణికి తెలుస్తూనే ఉంది. మొహం గుండ్రంగా ఉబ్బింది. నిద్ర లేదు. కూరలో ఉప్పు తక్కువైందని తండ్రి మీద గిన్నె విసిరికొట్టినంత పని చేసింది మొన్న.

"దాని తరువాత ఏమిటి?" అని అడిగింది.

డాక్టరు చెప్పుకుంటూ పోయింది. రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్ర ఒకటుంది, పాతది, రోజూ వేసుకోవాలి. వికారం, నీరసం, రక్తకణాలు పడిపోవడం ఉండవచ్చు. చాలా అరుదుగా కాన్సర్. రెండోది సెలైన్‌లా ఎక్కించే ఇంజెక్షన్, పేగు మీద బాగా పనిచేస్తుంది. కాని దాంతో ఒళ్ళు కొన్ని జబ్బులకు తలుపు తీసినట్టవుతుంది, ముఖ్యంగా క్షయకు. కొందరిలో కొన్నేళ్ళకు పనిచేయడం మానేస్తుంది.

"ఏ ఇబ్బందీ లేని మందు లేదేటండీ?" అన్నాడు గవిరాజు.

"లేదండీ."

సుభాషిణి విశాఖ ఓడరేవు కంట్రోల్ గదిలో పనిచేస్తుంది. కొండ మీది ఆ గదిలో కూర్చుని, రేవులోకి వచ్చే ఓడలకు రేడియోలో దారి చెబుతుంది. ఏది ముందు, ఏది ఆగాలి, కాలువలో ఎటువైపు ఒత్తి రావాలి. గవిరాజు అదే రేవులో ఓడల్ని లాగే టగ్గు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురిని ఆయనే పెంచాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఆమె ఓడల మాట ఎత్తేది, చివరికి ఆయనే ఆ ప్రస్తావన మానేశాడు. ఓడ మలుపులో ఉన్నప్పుడు ఆ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు. ఇప్పుడు ఏ క్షణాన కడుపు కదిలి పరిగెత్తాల్సి వస్తుందో ఆమెకే తెలియదు. ఇప్పటికి సెలవు పెట్టి, బాగున్న రోజున వెళుతోంది.

"ఏదో ఒకటి మీరే చెప్పండి," అంది సుభాషిణి. "తీరా వేసుకున్నాక ఇంకోటి వచ్చిపడిందంటే నావల్ల కాదు. ఒకసారి అయింది కదా."

మృణాళిని కలం కింద పెట్టింది. "మా పరిశోధనశాలలో ఒక మంచం ఉంది," అంది.

*

ఆ మంచాన్ని అక్కడివాళ్ళు రేపటి మంచం అని పిలిచేవారు. మంచం మామూలుదే. దాని వెనక అరల్లో ఉన్నదే అసలు సంగతి. సుభాషిణి పేగులోంచి, ఎముక మజ్జలోంచి, ఊపిరితిత్తిలోంచి ఆవగింజంత ముక్కలు తీసి, చిన్న చిన్న గాజు గదుల్లో పెంచారు. వాటి మధ్య ఆమె రక్తమే తిరుగుతుంది. ఊరి గాలిలో ఉండే క్రిముల్ని కూడా లెక్క లేకుండా, గాలివాటంగా ఎలా వస్తాయో అలాగే వదులుతారు. ఆ చిట్టి శరీరానికి మందు ఇచ్చి కాలాన్ని తోస్తారు. అక్కడ సంవత్సరాలు గడుస్తుంటే ఇక్కడ వారాలు గడుస్తాయి. తరువాత దాని నొప్పి, నీరసం, ఆకలి, జ్వరం అన్నిటినీ కుదించి, చెవి వెనక అంటించిన పట్టీ గుండా మనిషి నరానికి అందిస్తారు.

"ఒళ్ళు నిజం, మనుషులు నిజం కాదు," అని మృణాళిని ముందే హెచ్చరించింది. "ఒంట్లోంచి వచ్చే కబురుకు తగ్గట్టు మీ మెదడు రోజుల్ని అల్లుకుంటుంది, కల అల్లుకున్నట్టు. ఇల్లు, ఆఫీసు, నాన్నగారు కనిపిస్తారు. వాటిని నమ్మకండి. ఒంటిని మాత్రం గుర్తుపెట్టుకోండి."

మొదట మాత్ర. సుభాషిణి పొద్దున పడుకుని మధ్యాహ్నం లేచింది.

లేచాక ఆమె చేసిన మొదటి పని తల తడుముకోవడం. జుట్టు ఒత్తుగానే ఉంది. మంచం మీద అది పలచబడింది. మొదటి నెలలంతా వికారం. ఆ తరువాత పేగు నెమ్మదించింది, పూర్తిగా కాదు. జలుబు వదిలితే దగ్గు, దగ్గు వదిలితే జ్వరం. అన్నిటికంటే నీరసం. మెట్లెక్కి కంట్రోల్ గదికి చేరి, కుర్చీలో కూర్చుని, మైకు నొక్కడానికి వేలు లేవక చూస్తూ ఉండిపోయిన రోజులు ఎన్నో. నొప్పి అని చెప్పుకోవడానికి లేదు. బాగున్నానని చెప్పుకోవడానికీ లేదు.

"ఎలగుందమ్మా?" అన్నాడు గవిరాజు బయట బల్ల మీంచి లేచి.

"బతకొచ్చు," అంది.

ఇంటికొచ్చి ఆయన అన్నం మెత్తగా కలిపి, మజ్జిగ పోసి పెట్టాడు. ఆమె రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టేసింది. ఏళ్ళ తరబడి ఇదే తింటున్నట్టుంది. తినడం మొదలుపెట్టి నిజానికి వారాలే అయింది.

*

ఇంజెక్షన్ తాలూకు మంచం మీద మాత్రం ఆమె నవ్వింది. ఆ సంగతి తరువాత మృణాళిని చెప్పింది. నిద్రలో గట్టిగా నవ్విందట.

ఎందుకో సుభాషిణికి తెలుసు. ఆకలి వేసింది. చేపల పులుసుతో కడుపు నిండా అన్నం తిని, ఏమీ కాక, మళ్ళీ పెట్టించుకుంది. కుర్చీలో షిఫ్టంతా కదలకుండా కూర్చుంది. తన కడుపు సంగతి తాను మరిచిపోయిన రోజులు వచ్చాయి. ఆరోగ్యం అంటే అదేనని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

ఆ తరువాత దగ్గు పట్టుకుంది. ఎండల వల్ల అనుకుంది. చెమటతో పక్క తడిసేది. క్షయ అన్నారు, ఈసారి నిజంగానే. ఇంజెక్షన్ ఆపేశారు. ఆపగానే పేగు మళ్ళీ తిరగబడింది. ఎవరినీ రానివ్వని వార్డులో పడుకుని ఉండగా, తండ్రికి గుండెపోటు వచ్చిందని, దహనం కూడా అయిపోయిందని నర్సు వచ్చి చెప్పింది. ఆయన లేని ఇంట్లో ఇంకో ఏడాదిన్నర గడిచింది.

లేచేసరికి ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. పట్టీ పీకేసి బయటికి వచ్చింది. గవిరాజు బల్ల మీద కూర్చుని, కాగితం పొట్లంలోంచి వేరుశెనగకాయలు ఒలుచుకుని తింటున్నాడు.

"అప్పుడే లేచిపోనావేటి?" అన్నాడు.

ఆమె ఆయన భుజం పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన కంగారుపడి పొట్లం కింద పడేశాడు.

మనుషులు నిజం కాదని ఆమెకు తెలుసు. అయినా ఆ తరువాతి వారాల్లో ఆయన గదిలోకి వస్తే ఉలిక్కిపడేది. ఆయన లేకుండా బతకడం ఆమెకు అలవాటైపోయింది. ఆయన పెట్టిన కాఫీ తాగుతూ, ఏడ్చి ఏడ్చి ఒకలా సర్దుకున్న మనసును మళ్ళీ వెనక్కి తిప్పాల్సి వచ్చేది. అది ఆయనతో ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు.

*

"అది ఒక్కసారి జరిగినదే," అంది మృణాళిని తరువాత కలిసినప్పుడు. "క్రిములు గాలివాటంగా వదిలాం కదా. ఇంకోసారి నడిపితే క్షయ రాకపోవచ్చు కూడా. ఎక్కువమందికి రాదు."

గవిరాజు ఆ మాట పట్టుకున్నాడు. "అయితే ఇంకోపాలి సూద్దారండీ. నాలుగైదుపాల్లు సూస్తే తేలిపోద్ది గదా."

"వద్దు నాన్నా."

"అలగంటే ఎలగమ్మా? పొరపాటుగా ఒకదానికి ఒకటి మందేసీసి, ఒళ్ళు గుల్లైపోనాది. ఈపాలి తెలుసుకునే దిగుదుం."

"నీకు ఒక పూటే నాన్నా. బల్ల మీద కూచుని కాయలొలుచుకునే పూట. నాకు నాలుగేళ్ళు."

గవిరాజుకు అది అర్థం కాలేదు. కూతురు ఎదురుగా అదే మొహంతో, అదే వయసుతో ఉంది. "నీ మంచికే గదమ్మా," అన్నాడు.

సుభాషిణి డాక్టరు వైపు చూసింది. వద్దని ఆమె అంటుందేమో అని చూసింది. మృణాళిని వద్దనలేదు. ఆ మంచం మీద రెండోసారి అదే మందుతో పడుకున్నవారు తక్కువ. అలాంటి ఫలితాలు ఆమెకు కావాలి. ఆ సంగతి ఆమె దాచలేదు. "నాకు ఉపయోగమే. కాని నిర్ణయం మీది," అంది.

వాదించే ఓపిక సుభాషిణికి లేదు. వాదించడం కంటే పడుకోవడం తేలిక అనిపించింది. పడుకుంది.

ఈసారి క్షయ రాలేదు. ఇంజెక్షన్ వేయించుకున్న చోట కొంచెం దద్దురు వచ్చి పోయింది. కీళ్ళు కొన్నాళ్ళు నొప్పి పెట్టాయి. మిగతా అంతా బాగుంది. ఏళ్ళు బాగున్నాయి. కంట్రోల్ గదిలో ఆమె పెద్ద అధికారి అయింది. రేవు కాలువను వెడల్పు చేశారు, బొగ్గు ఓడలకు దారి మారింది. తండ్రి బతికే ఉన్నాడు, ముసలివాడయ్యాడు. చివరలో మందు పట్టు సడలి కడుపులో పాత నొప్పి మెల్లగా మొదలవుతుండగా మెలకువ వచ్చింది.

"మంచి కబురే," అంది మృణాళిని గాజు గదుల్ని పరీక్షిస్తూ.

సుభాషిణి లేచి కూర్చుని చేతులు చూసుకుంది. చర్మం బిగువుగా, కుర్రదానిదిలా ఉంది. అది తనదిలా అనిపించలేదు.

*

స్టీరాయిడ్ తగ్గిస్తూ రావడంతో కొన్ని రోజులు ఒళ్ళు తేలికపడింది. ఆమె పనికి వెళ్ళింది. ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం. బొగ్గుతో నిండిన ఓడ ఒకటి, దారి గుర్తుకు బోయాలు తేలుతున్న కాలువ మొదట్లోకి వచ్చింది. దాన్ని లోపలికి తెచ్చే పైలట్ లోకనాథం ఆమెకు ఎప్పటినుంచో తెలిసినవాడు.

"ఆకుపచ్చ బోయాకి దక్షిణంగా ఒత్తి రండి," అని చెప్పింది సుభాషిణి. గొంతులో తడబాటు లేదు. ఎన్ని వందల ఓడలకు ఆ మాట చెప్పిందో.

రేడియో గరగరమంది.

"ఇంకోసారి చెప్పమ్మా?"

"ఆకుపచ్చ బోయాకి దక్షిణంగా. వెడల్పు చేసిన వైపు."

"ఎక్కడ వెడల్పు చేశారు?" లోకనాథం గొంతు మారింది. "దక్షిణంగా రాళ్ళే గదమ్మా. సుభాషిణేనా మాటాడుతున్నది?"

ఆమె అద్దంలోంచి కిందికి చూసింది. కాలువ ఇరుకుగా, పాతదానిలాగే ఉంది. ఉన్న చోటనే ఉన్నాయి రాళ్ళు, అల వెనక్కి పోయినప్పుడల్లా నల్లగా తేలుతూ. ఆ వెడల్పు కాలువ ఆమె తలలో తప్ప ఎక్కడా లేదు.

"నా పొరపాటు. పాత దారినే రండి," అంది. మైకు వదిలేసి, పక్క కుర్చీలోని సహోద్యోగిని పిలిచి ఓడను అప్పగించింది. అధికారి గదికి వెళ్ళి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. తనను ఇక రేడియో దగ్గర కూర్చోనివ్వవద్దని తానే అడిగింది. ఆయన మంచివాడు, వద్దులే అనబోయాడు. లోకనాథం కాక ఇంకెవరైనా కొత్తవాడైతే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. సామాన్ల గదిలో బల్ల ముందు కూర్చునే పని ఇచ్చారు.

కుర్చీ పోకూడదని మందులు వెతికింది. మందు ఇంకా ఒక్కటీ వేసుకోకుండానే కుర్చీ పోయింది.

ఇంటికి వచ్చి చెబితే గవిరాజు నమ్మలేదు. టగ్గు మీద బతికినవాడు, ఆ రాళ్ళ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "దక్షిణానికా?" అన్నాడు రెండుసార్లు. "ఆ రాళ్ళ మీదకా?"

"అక్కడ తవ్వేశారు నాన్నా. నేను చూశాను. నువ్వూ ఉన్నావు. కొబ్బరికాయ కొట్టిన రోజున నిన్ను తీసుకెళ్ళాను, నీకు కర్ర కావాల్సి వచ్చింది." ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. "అంతకుముందుసారి మంచం మీద నువ్వు చచ్చిపోయావు. నన్ను చూడనివ్వలేదు. నువ్వు లేకుండా ఏడాదిన్నర ఉన్నాను. నీకు చెప్పలేదు."

గవిరాజు తన గుండె మీద చెయ్యి వేసుకుని, అక్కడే ఉందో లేదో అన్నట్టు నొక్కుకున్నాడు. తరువాత ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నాను పంపినాను," అన్నాడు. "వొద్దంతన్నా నానే పంపినాను."

"నేనే వెళ్ళాను నాన్నా. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

*

మృణాళిని అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె కూడా అలిసిపోయి ఉంది.

"ఇలా అవుతుందని తెలియదు," అంది. "మందు ఎంచుకుని వెళ్ళిపోయాక ఎవరూ మళ్ళీ వచ్చి చెప్పలేదు. నేనూ పిలిచి అడగలేదు. పేగు సంగతే అడిగాను."

"జ్ఞాపకాలు పోతాయా?"

"కల మరిచిపోయినట్టు పోవాలి. పోతాయని నాకు ఎవరూ రుజువు చూపించలేదు. మీరు నెలనెలా వచ్చి చెబితే తెలుస్తుంది. ఒకే మందుతో రెండోసారి ఎవరినీ పడుకోబెట్టను. మొదటిసారి సంగతి కూడా ఆలోచించుకోవాలి."

"సరే. ఇప్పుడు చెప్పండి. ఈ మంచం లేదనుకోండి. మొదటి రోజున మీరు నాకు ఏ మందు ఇచ్చేవారు?"

మృణాళిని గొంతు తగ్గించింది. "ఇంజెక్షనే. మీ పుళ్ళు లోతుగా ఉన్నాయి. ముందు ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష. తరువాత కొన్ని నెలలకోసారి మళ్ళీ చూసుకోవడం. దగ్గు, జ్వరం వస్తే ఎండ అనుకోకుండా ఆ వారమే రావడం. తొందరగా పట్టుకుంటే క్షయకు మందు ఉంది."

"రెండుసార్లూ మంచం చెప్పింది అదే కదా. రావచ్చు, రాకపోవచ్చు అని."

"అదే."

సుభాషిణికి కోపం రావాలి. రాలేదు. అంత దూరం నడిచి, బయలుదేరిన గుమ్మం దగ్గరికే వచ్చి నిలబడినట్టుంది, కాళ్ళ నొప్పులు మాత్రం నిజం.

"ఇంకో కొత్త మాత్ర కూడా వచ్చిందంటన్నారు గదండీ," అన్నాడు గవిరాజు, అని వెంటనే తల అడ్డంగా ఊపాడు. "వొద్దులెండి. అడగను."

"ఇంజెక్షన్ వేసుకుంటాను," అంది సుభాషిణి. "బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిసింది. కొన్నాళ్ళే అయినా నాకు అది కావాలి. ఆ తరువాత ఏది వస్తే దానికి మళ్ళీ మీ దగ్గరికే వస్తాను."

*

ఎక్కించే రోజున వాళ్ళిద్దరూ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళారు. కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. నర్సు నరం దొరక్క రెండుచోట్ల పొడిచి, మూడోచోట సూది పెట్టింది. సీసాలోంచి చుక్క తరువాత చుక్క దిగడం మొదలైంది.

"ఎలగుంది?" అన్నాడు గవిరాజు.

"చెయ్యి చల్లగా ఉంది."

"అంతేనా?"

"అంతే."

ఇద్దరూ సీసా వైపు చూశారు. ఎంత చూసినా అది తరిగినట్టు కనిపించలేదు. ఏళ్ళకు ఏళ్ళు ఒక పూటలో గడిపిన సుభాషిణికి ఈ పూట గడవడం లేదు. అసహనంగా కదిలింది. కాసేపటికి భుజాలు వాటంతట అవే జారి, తల కుర్చీకి ఆనింది. ఎక్కడికీ తోయకుండా ఎవరో వదిలేసినట్టు హాయిగా ఉంది.

ఊసుపోక గవిరాజు మాట్లాడుతున్నాడు. కూతురు పుట్టిన రోజున తాను సముద్రం మీద ఉన్నానన్నాడు. గాలివానలో ఒక ఓడను లాగుతుంటే రేడియోలో ఎవరో అరిచారట, నీ పెళ్ళానికి కానుపైపోనాది అని. ఆ తరువాతి మాట గరగరలో కలిసిపోయింది.

ఆ సంగతి సుభాషిణి ఎప్పుడూ వినలేదు. కళ్ళు తెరిచింది. "మరి నేనని ఎలా తెలిసింది?"

"రేవుకొచ్చేదాకా తెల్లేదు. ఆడో మగో, ఎలగుందో, ఏటీ తెల్దు. మల్లీ అడగొచ్చును. రేడియో సేతిలోనే ఉంది." ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అడగనేదమ్మా. గాలి కొడతంది, తాడు బిగిసిపోయుంది, నాను మాత్రం పాట పాడుకుంటా వొచ్చినాను."

"నువ్వు పాడతావా?"

"మీయమ్మ ఉన్నప్పుడు పాడీవోడిని."

"ఏం పాట?"

గవిరాజు వార్డులో అటూ ఇటూ చూశాడు. పక్క కుర్చీలో ఎవరో కునికిపాట్లు పడుతున్నారు. నర్సు దూరంగా ఉంది. ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని, గొంతు సవరించుకుని, మెల్లగా అందుకున్నాడు. శ్రుతి లేదు. మధ్యలో మాటలు మరిచిపోయి ఆగాడు.

"తరువాత?" అంది సుభాషిణి.

"ఉండమ్మా," అన్నాడు ఆయన. "గుర్తొస్తాది."